కెమెరాలో పోపుల డబ్బా

రండి రండి, అరుగు మీద బోలెడంత చోటుంది. ఆ చాప ఇటు లాగండి. చేటలో వేరుశనక్కాయలున్నాయి, వలుచుకు తింటూ వినండి. తొక్కలు మాత్రం ఆ బుట్టలో వెయ్యండి, రేపు పొయ్యిలోకి పనికొస్తాయి.

మన చిన్నది సాయంత్రం నుంచీ మొహం ముడుచుకుని కూచుంది. ఏమిటమ్మా అని బుజ్జగిస్తే ఇప్పటికి బయటపెట్టింది. వాళ్ళ బాబాయి పుట్టినరోజుకిచ్చిన బుల్లి కెమెరా పట్టుకుని పొద్దున్నే చెరువు గట్టుకెళ్ళిందట. తూము దగ్గర పాతిన కర్ర మీద లకుముకి పిట్ట వచ్చి వాలిందట. నీలి రెక్కలు, ఎర్రటి ముక్కు, తెల్లటి రొమ్ము. ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తి చూస్తే, పిట్ట వెనక ఆకాశం తెల్లగా మెరుస్తోంది, పిట్టేమో బొగ్గుముక్కలా నల్లగా కనిపిస్తోంది. వెలుతురు పెంచాలని దానికి తెలుసు, నేనే చెప్పాను. ఎక్కడ పెంచాలో మెనూలో వెతికింది. ఒక పేజీ, ఇంకో పేజీ, ఆ పేజీలో మళ్ళీ ఇంకో వరస. దొరికిందని తలెత్తి చూసేసరికి కర్ర ఉంది, పిట్ట లేదు.

"తాతయ్యా, ఇన్ని మెనూలు ఎందుకు పెడతారు?" అని అడిగింది. మంచి ప్రశ్న తల్లీ. దీనికి జవాబు మీ నాయనమ్మ వంటింట్లో ఉంది.

మీ నాయనమ్మ పప్పులోకి పోపు పెట్టడం ఎప్పుడైనా దగ్గర కూచుని చూశారా? ఇనప గరిటెలో నూనె కాగుతుంది. నూనె కాగిందంటే ఇక ఆవిడ చేతిలో ఉన్నవి కాసిని క్షణాలే. మినప్పప్పు వెయ్యాలి, అది ఎర్రబడేలోగా ఆవాలు వెయ్యాలి, అవి చిటపటమనగానే జీలకర్ర, వెంటనే ఎండుమిర్చి, ఆఖర్న చిటికెడు ఇంగువ, రెండు కరివేపాకు రెమ్మలు. ఆ క్షణంలో ఆవిడ నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఆవాల మూట విప్పి గుప్పెడు తీసుకొస్తానంటే ఏమవుతుంది? దిగొచ్చేసరికి నూనె మాడి ఇల్లంతా పొగ. అలాగని అటక మీద సరుకు అక్కర్లేదంటామా? ఏడాదికి సరిపడా చింతపండూ, మినుములూ, ఊరగాయ జాడీలూ అక్కడే ఉండాలి. ఇల్లన్నాక అటక ఉండాల్సిందే. కానీ పోపు వేళకి అటక పనికిరాదు.

అందుకే మన పెద్దవాళ్ళు వంటింటిని మూడు చోట్లుగా సర్దుకున్నారు. ఏడాది సరుకు అటక మీద. రోజూ వాడేది పోపుల డబ్బాలో, ఏడు గిన్నెలు, ఒక్క మూత తీస్తే అన్నీ కళ్ళ ముందే. ఇక చెయ్యి చాపితే అందాల్సిన ఉప్పు జాడీ పొయ్యి పక్కనే, దానికి మూత తీసే పని కూడా ఉండదు. కెమెరాలోనూ సరిగ్గా ఇంతే. పేజీలకి పేజీలున్న పెద్ద మెనూ అటక. ఒక్క నొక్కుతో తెర మీద గళ్ళు గళ్ళుగా విచ్చుకునే చిన్న మెనూ ఉంటుంది, దాన్ని క్విక్ మెనూ అంటారు, అది పోపుల డబ్బా. వేలి కింద ఉండే బటన్ ఉప్పు జాడీ. కెమెరా చేసినవాళ్ళు మన అలవాట్లు ఎరగరు కనక, ఏదో ఒక పద్ధతిలో సర్ది మన చేతికిచ్చారు. కొత్త కాపరానికి పుట్టింటివాళ్ళు సామాను పంపినట్టన్నమాట. దాన్ని మన చేతివాటానికి తగ్గట్టు సర్దుకోవడం మన పని.

"బటన్‌కి పని మార్చడం ఎలా కుదురుతుంది తాతయ్యా? లైటు స్విచ్ నొక్కితే ఫ్యాను తిరగదు కదా!" అంటున్నాడు మన పెద్దవాడు. భలే పట్టుకున్నావురా! అక్కడే ఉంది కిటుకంతా.

గోడ మీద స్విచ్‌కీ ఫ్యానుకీ మధ్య తీగ ఉంది. ఆ తీగ ఎటు పోతే ఆ పనే జరుగుతుంది. పాతకాలపు ఫిల్ము కెమెరాలూ అంతే. పైన తిప్పే చక్రానికి లోపల పళ్ళచక్రాలూ, స్ప్రింగులూ తగిలించి ఉండేవి. షట్టరు వేగం మార్చే చక్రం చచ్చేదాకా షట్టరు వేగమే మార్చేది. కొత్త కెమెరాలో అలా కాదు. బటన్ కింద చిన్న రేకు గిన్నె బోర్లించి ఉంటుంది, మినపగింజంత. నొక్కితే అది టిక్కున లోపలికి వంగి కింద ఉన్న రెండు కొసల్నీ కలుపుతుంది, వేలు తీస్తే మళ్ళీ పైకి ఉబుకుతుంది. మన వేలికి తెలిసే ఆ టిక్కు ఆ రేకుదే. అది చేసే పనల్లా ఒక్కటే: "మూడో నంబరు బటన్ నొక్కారు" అని లోపలి బుల్లి కంప్యూటరుకి కబురందించడం. ఆ నొక్కుకి అర్థమేమిటో బటన్‌కి తెలియదు.

నేను చదువుకున్న బడిలో వేపచెట్టు కొమ్మకి రైలు పట్టా ముక్కొకటి వేలాడదీసి ఉండేది. ఇనప కడ్డీతో కొడితే ఊరవతలికి వినిపించేది. ఒక దెబ్బ కొడితే పీరియడు మారినట్టు, రెండు కొడితే మధ్యాహ్నం అన్నాలకి, గణగణమని ఆపకుండా కొడితే ఇళ్ళకి. ఆ పట్టా ముక్కకి అన్నాల సంగతి ఏం తెలుసు? హెడ్మాస్టరు గారు పుస్తకంలో రాసుకున్నదే దాని అర్థం. ఆయన రేపట్నుంచి రెండు దెబ్బలకి ఆటల పీరియడు అని రాసుకుంటే, అదే పట్టా, అదే మోత, పిల్లలు మాత్రం మైదానంలోకి పరిగెడతారు. కెమెరాలోనూ అలాంటి పుస్తకం ఒకటుంది. ఒకటో బటన్‌కి ఫలానా పని, రెండో బటన్‌కి ఫలానా పని అని వరసగా రాసి ఉంటుంది. మనం సెట్టింగుల్లోకి వెళ్ళి బటన్ పని మార్చామంటే, ఆ పుస్తకంలో ఒక వరస కొట్టేసి కొత్తది రాశామన్నమాట. ఏ తీగా కదలదు, ఏ మరా విప్పక్కర్లేదు. రాసింది కరెంటు లేకపోయినా చెరిగిపోని జ్ఞాపకంలో ఉంటుంది కనక, బ్యాటరీ తీసి పెట్టినా పోదు.

మాటలో మాట, ఆ టిక్కులో ఒక తమాషా ఉంది. ఇత్తడి మూత చేతిలోంచి జారి గచ్చు మీద పడితే ఒక్కసారి మోగి ఊరుకుంటుందా? టంగు, టంగు టంగు, టటటట అని ఎగిరెగిరి సర్దుకుంటుంది. బటన్ లోపలి రేకు కూడా అలాగే సెకనులో వెయ్యో వంతుల్లో నాలుగైదుసార్లు ఎగిరి తగులుతుంది. ఆ కంప్యూటరు మన కంటే ఎంతో చురుకైంది, ప్రతి ఎగురునీ ఒక నొక్కుగా లెక్కపెట్టేయగలదు. అప్పుడు మనం ఒకసారి నొక్కితే మెనూ నాలుగు మెట్లు దూకుతుంది. అందుకని దానికి ఓపిక నేర్పారు. మొదటి తాకిడి వినగానే కొన్ని మిల్లీసెకన్లు ఆగి, ఎగురుడు సద్దుమణిగాకే నొక్కినట్టు రాసుకుంటుంది. గబుక్కున బదులివ్వకుండా అరక్షణం ఆగి వినడం దానికీ మంచిదే, మీకూ మంచిదే.

ఇలా పని మార్చుకునే మీటల్ని ఒక్కో కంపెనీ ఒక్కో తీరున అమర్చింది. 2009లో కానన్ వాళ్ళ పవర్‌షాట్ ఎస్90 అని చొక్కా జేబులో పట్టే కెమెరా ఒకటి వచ్చింది. దాని లెన్సు చుట్టూ గాజులా తిరిగే ఉంగరం పెట్టారు. ఆ ఉంగరం తిప్పితే ఏం మారాలో మనిష్టం. కావాలంటే కాంతికి స్పందించే గుణాన్ని, అంటే ఐఎస్ఓని, దానికి అప్పగించవచ్చు, లేదంటే షట్టరు వేగాన్నో, ఫోకస్‌నో, జూమ్‌నో. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చింది. అందులో ఎఫ్ఎన్ అని రాసున్న బటన్ నొక్కితే మనం ఎంచి పెట్టుకున్న ఏడు పనులు తెర మీదికొస్తాయి. సరిగ్గా మన పోపుల డబ్బాలో గిన్నెలన్ని! ఆ వరసలో 2014లో వచ్చిన మూడో కెమెరాకి వచ్చేసరికి గిన్నెలు పన్నెండయ్యాయి. ఫుజీఫిల్మ్ వాళ్ళ ఎక్స్100వీలో క్యూ అనే బటన్ కింద 16 గళ్ళుంటాయి, ఎక్కువనిపిస్తే పన్నెండుకో, ఎనిమిదికో, నాలుగుకో తగ్గించుకోవచ్చు. 2019లో వచ్చిన రికో జీఆర్ 3లో కుడి బొటనవేలి దగ్గరే ఏడీజే అనే బుల్లి మీట ఉంటుంది. నొక్కితే ఐదే ఐదు పనులు, ఆ ఐదూ మనం ఏరుకున్నవే.

"పదహారు గిన్నెలుంటే మంచిది కదా, ఐదెందుకు?" అనిపిస్తుంది. కానీ ఎన్ని ఎక్కువుంటే వెతుకులాట అంత ఎక్కువ. దీన్ని ఇంగ్లండులో విలియం హిక్ అనే ఆయన 1952లో కొలిచి చూపించాడు. పది చిన్న దీపాలు, పది వేళ్ళ కింద పది మీటలు. ఏ దీపం వెలిగితే దానికి తగ్గ మీట నొక్కాలి. రెండే దీపాలుంటే మనిషి చటుక్కున నొక్కేస్తాడు. దీపాలు పెరిగేకొద్దీ ఆలస్యం పెరిగింది. అయితే ఒక అందమైన పద్ధతిలో పెరిగింది. రెండు నాలుగైతే కాస్త ఆలస్యం, నాలుగు ఎనిమిదైతే మళ్ళీ దాదాపు అంతే ఆలస్యం. మీరు ఆడతారే, గుప్పిట్లో ఏముందో చెప్పుకో అని? తినేదా కాదా, తీపా కారమా అని అడుగుతూ ఒక్కో ప్రశ్నకీ సగం సగం కొట్టేస్తూ పోతారు. వస్తువులు రెట్టింపైతే ఒక్క ప్రశ్న ఎక్కువ పడుతుంది, అంతే. మన బుర్ర కూడా ఎంచుకునేటప్పుడు అలాంటి లెక్కే వేస్తుందన్నమాట. ఆ ఒక్క ప్రశ్న చాలు, లకుముకి పిట్ట లేచిపోవడానికి.

మరి మీ నాయనమ్మ పోపు వేసేటప్పుడు వెతుకుతుందా? వెతకదు. మాట్లాడుతూనే, నా వంక చూస్తూనే, చెయ్యి దానంతటదే జీలకర్ర గిన్నెలోకి పోతుంది. అడిగి చూడండి, "ఎడమ నుంచి ఎన్నో గిన్నెమ్మా జీలకర్ర?" అని. ఆవిడ ఆగి, చెయ్యి గాల్లో ఆడించి చూసుకుని గాని చెప్పలేదు. ఆవిడ నోటికి రానిది వేళ్ళకి వచ్చు. ఇది వేళ్ళ జ్ఞాపకం. తలలో ఉండే మాటల జ్ఞాపకానికి వేరే గది, దీనికి వేరే గది.

ఇవి నిజంగా వేరు వేరు గదులని ఎలా తెలిసిందో చెబుతాను వినండి, కాస్త మనసు కలుక్కుమనే కథే. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి మూర్ఛలు ఎక్కువగా వస్తుండేవి. 1953లో మెదడుకి ఆపరేషన్ చేశారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటి నుంచి కొత్త సంగతేదీ ఆయనకి గుర్తుండేది కాదు. పొద్దున పరిచయమైన మనిషి సాయంత్రానికి కొత్తవాడే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకొక పని ఇచ్చింది. కాగితం మీద నక్షత్రం బొమ్మ, దాన్ని నేరుగా చూడకూడదు, అద్దంలో చూస్తూ గీతల మధ్య పెన్సిల్ నడిపించాలి. మీరు చేసి చూడండి, చెయ్యి ఎటో పోతుంది. ఆయనకీ మొదటిరోజు అలాగే పోయింది. రెండోరోజు బాగుపడింది, మూడోరోజు ఇంకా బాగా గీశాడు. కానీ ప్రతిరోజూ, ఈ పని నేనెన్నడూ చేయలేదే అనేవాడు! మనసు మరిచిపోయింది, చెయ్యి మరిచిపోలేదు. ఆ ఒక్క మనిషి ఓపిగ్గా కూచుని గీసిన గీతల వల్ల ప్రపంచానికి జ్ఞాపకం గురించి ఎంతో తెలిసింది. తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

అందుకని కెమెరా బటన్లకి నేను పెట్టుకున్న మొదటి నియమం, ఒకసారి సర్దాక ఊరికే మార్చకూడదు. మీ అమ్మ ఈ ఇంటికి కాపరానికొచ్చిన కొత్తలో, అత్తగారికి సాయం చేద్దామని ఎంతో ముచ్చటగా పోపుల డబ్బా తోమి, ఆరబెట్టి, గిన్నెలన్నీ నింపింది. కాకపోతే వరస మారింది. ఆ పూట సాంబారులో ఆవాల బదులు గుప్పెడు మెంతులు పడ్డాయి. చేదు విషం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారనుకోండి. కళ్ళకి కొత్త వరస కనబడుతూనే ఉంది, కానీ చెయ్యి పాత దారినే పోయింది. నేర్చుకోవడం కంటే నేర్చుకున్నది మరిపించడం కష్టం.

ఇక రెండో నియమం, చూడకుండా గుర్తుపట్టేలా ఉండాలి. ఇప్పుడొక ఆట ఆడదాం. చీపురు పుల్లలు రెండు తెచ్చి, కొసలు రెండూ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో పట్టుకుని వేలికొస మీద ఆనించండి. రెండున్నాయని తెలుస్తోందా? ఇప్పుడు అవే పుల్లలు అదే ఎడంలో మన పెద్దవాడి వీపు మీద ఆనించండి. ఒక్కటే అంటున్నాడు చూశారా! వీపు మీద దాదాపు 4 సెంటీమీటర్లు ఎడం జరిపితే గాని రెండని తెలియదు. వేలికొసల్లో స్పర్శ తెలిపే నరాల కొసలు వరినారులా ఒత్తుగా ఉంటాయి, వీపు మీద జొన్నచేనులా పలచగా. వేలికొస ఒక చిన్న కన్ను. కంప్యూటరు కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, పాత ఫోన్లలో 5 మీద చుక్క ఉంటుంది, ఆ కన్నుకోసమే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దీని విలువ ప్రాణాల మీదికొచ్చినప్పుడు తెలిసింది. అమెరికా వాళ్ళ బీ-17 విమానాలు యుద్ధం నుంచి క్షేమంగా వచ్చి, నేల మీద దిగాక, పైలట్లు చక్రాలు లోపలికి ముడిచేసేవాళ్ళు! విమానం బొజ్జ మీద కూలబడేది. వాళ్ళు చేతగానివాళ్ళా? కాదు. చక్రాలు ముడిచే మీటా, రెక్కల వెనకంచులు కదిపే మీటా పక్కపక్కనే, చూడ్డానికి ఒక్కలా ఉండేవి. అలిసిపోయిన చెయ్యి ఒకటనుకుని ఇంకోటి లాగేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం తగిలించాడు, రెక్కల మీటకి రెక్క ఆకారంలో చీలముక్క తగిలించాడు. ఇక చెయ్యి చీకట్లో తడిమినా తెలిసిపోతుంది. ఈనాటికీ విమానాల్లో చక్రాల మీట కొన చక్రంలాగే ఉంటుంది. పసుపూ, కారమూ వేరు వేరు ఆకారాల డబ్బాల్లో పోసే ప్రతి ఇల్లాలికీ ఈ శాస్త్రం తెలుసు. అందుకే తల్లీ, ముఖ్యమైన పని ఎప్పుడూ వేలికి ఇట్టే దొరికే బటన్‌కి అప్పగించాలి. అంచున ఒంటరిగా ఉన్నదో, ఉబ్బెత్తుగా ఉన్నదో, గరుకుగా ఉన్నదో. నాలుగు ఒక్కలాంటి బటన్ల మధ్యలో ఉన్నదానికి కాదు.

సరే, ఏ పని ఎక్కడ పెట్టాలి? నేను చెప్పను, నీ కెమెరాయే చెబుతుంది. మనకి పాలు పోసే ఆవిడ గోడ మీద సుద్దతో గీతలు గీస్తుంది చూశావూ, నువ్వూ ఒక కాగితం మీద పది రోజులు అలా గీతలు గియ్యి. ఫొటో తీసేటప్పుడు ఏది మార్చాలనిపిస్తే దాని పక్కన ఒక గీత. పది రోజులయ్యాక లెక్క చూస్తే తెల్లబోతావు. అన్ని పేజీల మెనూలో నీకు నిజంగా కావలసినవి ఏడెనిమిదికి మించవు. వాటిని ఇలా పంచు. క్షణక్షణానికీ మారేది వేలి కింద. చోటు మారితే మారేది పోపుల డబ్బాలో. ఏడాదికోసారి మారేది అటక మీద. తేదీ, భాష, చప్పుళ్ళు, ఇవన్నీ అటక సరుకు. ఫ్లాషు, సెల్ఫ్ టైమరు, తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్, ఇవి డబ్బాలో ఉండాలి. పెళ్ళిపందిట్లో పసుపు దీపాల కింద ఒకసారి మార్చుకుంటే ఆ పందిరి దాటేదాకా మళ్ళీ అక్కర్లేదు కదా.

వేలి కింద దేన్ని పెడతావు? నన్నడిగితే, వెలుతురు హెచ్చుతగ్గులు చేసేదాన్ని. ఎందుకంటే కెమెరా పాపం లోకం మొత్తాన్ని మధ్యరకం బూడిదరంగు అనుకుంటుంది. మీద పడ్డ వెలుగులో వందకి పద్దెనిమిది పాళ్ళు తిప్పికొట్టే బూడిదరంగది. తెల్లటి ఒంగోలు గిత్త ఎదురొస్తే, అయ్యో వెలుతురెక్కువైందనుకుని తగ్గించేస్తుంది, గిత్త మాసిన పంచెలా వస్తుంది. నల్లటి గేదె ఎదురొస్తే వెలుతురు చాలదనుకుని పెంచేస్తుంది, గేదె బూడిద పూసుకున్నట్టు వస్తుంది. గిత్త తెల్లదనీ, గేదె నల్లదనీ కెమెరాకి చెప్పాల్సింది మనమే. గిత్తకి పెంచాలి, గేదెకి తగ్గించాలి. మామూలుగా ఒక్కో టిక్కుకీ మెట్టులో మూడో వంతు మారుతుంది, మూడు టిక్కులు పెంచితే వెలుతురు సరిగ్గా రెట్టింపు. పొద్దున్న నీ పిట్టకి కావలసింది ఆ మూడు టిక్కులే తల్లీ. వెనక ఆకాశం మెరుస్తుంటే కెమెరా బెదిరి వెలుతురు తగ్గించేసింది, అందుకే పిట్ట బొగ్గయింది.

ఇంకో సదుపాయం చెప్పి ముగిస్తాను, నాయనమ్మ అన్నాలకి పిలిచేలోగా. పొలానికెళ్ళేటప్పుడు చద్దిమూట కడతారే, అన్నం, మీద ఇంత మాగాయ, పక్కన ఉల్లిపాయ, అన్నీ ఒకే గుడ్డలో. ముడి విప్పితే భోజనం సిద్ధం. కెమెరాల్లోనూ ఇలా మూటలు కట్టుకోవచ్చు. రికో జీఆర్ 3 పైచక్రం మీద యూ1, యూ2, యూ3 అని మూడు మూటలుంటాయి. ఇంకొన్నిటిలో సీ1, సీ2 అంటారు. ఇంట్లో చీకటి మూలన కూచున్న ముసలివాళ్ళకోసం ఒక మూట, ఐఎస్ఓ ఎక్కువ, ఫ్లాషు లేకుండా. సంక్రాంతికి వీధిలో పరిగెత్తే పిల్లలకోసం ఒక మూట, షట్టరు వేగం సెకనులో 500వ వంతు. చక్రం ఒక్కసారి తిప్పితే ఆ సర్దుబాట్లన్నీ ఒకేసారి మారతాయి. ఒక్కో సెట్టింగూ మార్చుకుంటూ కూచుంటే భోగిమంట ఆరిపోతుంది.

నా మటుకు నాకు ఈ సర్దుబాట్లంటే అంత ఇష్టం ఎందుకో తెలుసా? మా ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గరికి కొడవలి చేయించుకోడానికి ఎవరెళ్ళినా, ఆయన ముందు "ఏ చేత్తో కోస్తావు?" అని అడిగేవాడు. ఎడమచేతివాడికి పళ్ళు మరోవైపు దిద్దేవాడు. పిడి చేతిలో పెట్టి, గుప్పిట మూసి చూసి, ఇంకాస్త చెక్కేవాడు. అలా చేసిన కొడవలితో పొద్దుగూకులూ కోసినా చెయ్యి బొబ్బలెక్కేది కాదు. ఫ్యాక్టరీలో వేలకి వేలు ఒక్కలా తయారైన వస్తువులో, ఎక్కడో ఎవరో కూచుని "ఏ చేత్తో కోస్తావు?" అని అడుగుతున్నట్టుంటుంది నాకు ఆ పేజీ తెరిచినప్పుడల్లా. నా బొటనవేలు ఈ మధ్య బిగుసుకుంటోంది, వంచితే నొప్పి. అందుకని ఫోకస్ పనిని చూపుడువేలి పక్కకి మార్చుకున్నాను. కెమెరా నా వయసుని మన్నించి సర్దుకుంది. పనిముట్టు మనిషికి తగ్గట్టు మారితే మనిషి కళ్ళు పనిముట్టు మీద కాకుండా లోకం మీద ఉంటాయి. పిట్టని చూడాల్సిన కళ్ళు మెనూని చూడకూడదు తల్లీ, అదీ అసలు సంగతి.

అదుగో, కరెంటు పోయింది. కంగారేం లేదు, ఎవరూ లేవకండి, చేట తన్నేస్తారు. వెన్నెల వస్తూనే ఉంది... వింటున్నారా? వంటింట్లో చిటపటలు! దీపం కూడా వెలిగించకుండానే మీ నాయనమ్మ పోపు వేస్తోంది. ఆవాలు, ఇదిగో జీలకర్ర పడింది, ఇప్పుడు ఇంగువ. వాసన వచ్చింది చూశారా? ఒక్క గిన్నె తప్పలేదు.

చిన్నదేది? ఏం చేస్తున్నావమ్మా చీకట్లో? టిక్, టిక్, టిక్. మూడు. సరిగ్గా మూడే. రేపు తెల్లారకముందే లేపుతాను, చెరువు గట్టుకి ఇద్దరం వెళదాం.